మైనం పట్టని చైను: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

విశాఖపట్నంలో 14 ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. ఇక్కడ నమోదు చేస్తున్న కేసులో విరిగిన భాగం ఏదీ లేదు, ఖరీదైన మరమ్మతు ఏదీ జరగలేదు. అయినా రాయదగినదే అనుకున్నాను, ఎందుకంటే ఇందులో సైకిల్ యజమాని చేసిన పొరపాటు కన్నా నేను చేసిన పొరపాటు పెద్దది. ఆయన అనుమతి తీసుకున్నాను, ఆయన్ను గుర్తుపట్టగల వివరాలు వదిలేశాను.

ఆయన వయసు యాభై దాటింది. ఆఫీసుకు రానూపోనూ 18 కిలోమీటర్లు సైకిల్ మీదే వెళ్తారు. ఆదివారం తెల్లవారుజామున బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి దాకా వెళ్లి వస్తారు. అంతా కలిపితే వారానికి దాదాపు 140 కిలోమీటర్లు. సైకిల్, వెనక 9 గేర్లున్న మామూలు హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం). అంతకుముందు మూడేళ్లూ చైనుకు కుట్టుమిషన్ ఆయిలే వేసేవారు. దానితో చైను బాగానే నడిచింది కానీ, ప్యాంటు అంచులు నల్లబడేవి. ఫ్లాట్‌లో సైకిల్ పెట్టేది వంటగది పక్కనున్న నడవాలో కాబట్టి గోడకూ నేలకూ జిడ్డు మరకలు పడేవి. ఇంట్లో వాళ్ల ఓపిక అయిపోయాక ఆయన మైనం వైపు, అంటే నూనెకు బదులు చైనును కరిగిన మైనంలో ముంచే పద్ధతి వైపు, తిరిగారు. వేగం కోసమో పందేల కోసమో కాదు, శుభ్రత కోసం. ఈ సంగతి తర్వాత తీసుకున్న నిర్ణయాలకు అవసరం అవుతుంది.

చైను లోపల ఏం జరుగుతుందో ముందు చెప్పుకోవాలి. సైకిల్ చైనులో ఒక పిన్నుకూ పక్క పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. చైను సాగిందని అందరం అంటాం కానీ నిజానికి ఉక్కు పలకలు సాగవు. పిన్ను, ఆ పిన్ను తిరిగే లోపలి పలక అంచు ఒకదానినొకటి అరగదీసుకుంటాయి. ఆ కొద్దికొద్ది సందులన్నీ కలిసి చైను పొడవు పెరుగుతుంది. నూనె అయినా మైనం అయినా పని చేయాల్సింది కంటికి కనిపించని ఆ సందులో. పైన మెరిసేదంతా అలంకారమే. నూనెకు ఉన్న చిక్కు ఏమిటంటే అది తడిగా ఉంటుంది, దారిలోని ఇసుకను పట్టుకుని లోపలికి లాక్కుపోతుంది, కొన్నాళ్లకు ఆ మిశ్రమం సానరాయి మీది పేస్టులా మారి ఉక్కును తినేస్తుంది. మైనం గడ్డకట్టి పొడిగా ఉంటుంది కాబట్టి ఇసుక దానికి అంత సులువుగా అంటుకోదు. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే సైకిల్‌కు ఇది చిన్న లాభం కాదు.

వచ్చిన సమస్య

డిసెంబర్‌లో ఆయన పాత చైను మార్చి కొత్తది వేశాను. మైనం పెట్టుకుంటానని ఆయన అప్పుడే చెప్పారు, నేను సరేనన్నాను. అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. ఫిబ్రవరి మొదట్లో ఆయన తిరిగి వచ్చేటప్పటికి ఆ చైను మీద దాదాపు 1,000 కిలోమీటర్లు తిరిగారు, ఇంట్లో ఐదుసార్లు మైనంలో ముంచారు. ముంచిన ప్రతిసారీ రెండు మూడు రోజులు నిశ్శబ్దంగా నడిచి, 60 కిలోమీటర్లు దాటేసరికి పిచ్చుకపిల్లల్లా కిచకిచమని మొదలుపెడుతోందని ఆయన ఫిర్యాదు. జాగ్రత్తగా ముంచిన మైనం 300 కిలోమీటర్ల దాకా నడవాలని నా అనుభవం.

కొలిచాను. కొత్త చైనుకు ఉక్కు స్కేలు పెడితే, ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి, దాని తర్వాత వచ్చే 24వ పిన్ను మధ్యభాగం సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. అది గీత దాటి అంగుళంలో 16వ వంతు ముందుకు పోతే చైను మార్చాలి. 8వ వంతు పోతే వెనక పళ్లచక్రాలు కూడా పాడై ఉంటాయి. ఈయన చైను అప్పటికే 32వ వంతు దాటింది. అంటే ఆయుష్షులో సగం 1,000 కిలోమీటర్లకే అయిపోయింది. కుట్టుమిషన్ ఆయిల్‌తో నడిచిన పాత చైను అదే సైకిల్ మీద, అదే దారిలో దాదాపు 3,000 కిలోమీటర్లు వచ్చింది. శుభ్రత కోసం తెచ్చుకున్న పద్ధతి పాతదాని కన్నా వేగంగా చైనును తినేస్తోందన్నమాట.

మొదటి ప్రయత్నం, నా మొదటి తప్పుడు అంచనా

ఇంట్లో ఏం చేశారో మొదటి నుంచి చెప్పమన్నాను. కొత్త చైనును గిన్నెలు తోమే సబ్బుతో, పళ్ల బ్రష్‌తో కడిగారు, ఎండలో ఆరబెట్టారు. పాత స్టీలు గిన్నెలో కొవ్వొత్తులు వేసి గ్యాస్ స్టవ్వు మీద కరిగించి, చైనును రెండు నిమిషాలు ముంచి తీసి, కొక్కేనికి వేలాడదీశారు.

వింటున్నప్పుడే నాకు రెండు లోపాలు కనిపించాయి. మొదటిది ప్రమాదం. మైనం గిన్నెను నేరుగా మంట మీద పెడితే అది ఎంత వేడెక్కుతోందో తెలియదు. పొగ వచ్చేసరికి మంట అంటుకునే దశ దగ్గరపడి ఉంటుంది. ఒకవేళ అంటుకుంటే నీళ్లు పోయడం ఇంకా ప్రమాదం, స్టవ్వు కట్టేసి మూత పెట్టాలి. మరుగుతున్న నీళ్ల గిన్నెలో మైనం గిన్నె ఉంచితే అది 100 డిగ్రీలు దాటదు. మామూలు పారఫిన్ (కొవ్వొత్తుల మైనం) 60 డిగ్రీల అటూఇటూగా కరుగుతుంది కాబట్టి ఆ వేడి ధారాళంగా సరిపోతుంది.

రెండోది, రెండు నిమిషాలు చాలవు. 300 గ్రాముల చల్లని ఉక్కును కరిగిన మైనంలో పడేస్తే, దానికి తగిలిన మైనం అక్కడికక్కడే గడ్డకట్టి ఒక తొడుగులా ఏర్పడుతుంది. ఉక్కు కూడా మైనమంత వేడెక్కాకనే ఆ తొడుగు తిరిగి కరిగి లోపలి సందుల్లోకి దిగుతుంది. అది దిగుతున్నప్పుడు లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది. బుడగలు ఆగేదాకా చైనును కదుపుతూ ఉండాలి.

ఈ రెండో లోపమే అసలు కారణమని నేను తీర్మానించుకున్నాను. మైనం పైపైనే అంటుతోంది, లోపలికి పోవడం లేదు, అందుకే 60 కిలోమీటర్లకే అరుస్తోంది. ఈ వివరణ అన్ని లక్షణాలకూ సరిపోయినట్టే అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఒకదానికి సరిపోలేదు, దాన్ని చూసి కూడా పట్టించుకోలేదు. చైను పట్టుకున్నప్పుడు నా వేళ్లు నల్లబడ్డాయి. రోజంతా జిడ్డులోనే ఉండే చేతులు కాబట్టి అది నాకు వింతగా తోచలేదు.

నీళ్ల గిన్నె పద్ధతి, 15 నిమిషాలు ముంచడం చెప్పి పంపాను. ఆయన అక్షరాలా అలాగే చేశారు. ఈసారి 90 కిలోమీటర్లు వచ్చింది. అంటే నేను చెప్పింది తప్పు కాదు, అసలైనది మాత్రం కాదు.

రెండో ప్రయత్నం

ఆయన మళ్లీ వచ్చినప్పుడు చైను తీసి బల్ల మీద పాత పేపరు పరిచి దాని మీద పెట్టి, వేరే పనిలో పడి రాత్రి షట్టర్ దించి వెళ్లిపోయాను. పొద్దున వచ్చి చైను ఎత్తితే కాగితం మీద చైను ఆకారంలోనే, ఒక్కో రోలర్ (పిన్ను చుట్టూ తిరిగే చిన్న గొట్టం) చుట్టూ ఒక్కో నూనె మరక ఉంది. మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితానికి ఉంటుందే, వెలుతురుకు పెడితే అవతలి అక్షరాలు కనిపించే మరక, అచ్చం అలాంటిదే. గడ్డకట్టిన మైనం షాపులోని వేడికి కాగితంలోకి ఇంకి అలా పాకదు. ఆ చైనులో మైనంతో పాటు నూనె ఉంది.

ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కొత్త చైను ఫ్యాక్టరీ నుంచి గ్రీజుతో వస్తుంది. నిల్వలో తుప్పు పట్టకుండా కాపాడే ఆ గ్రీజు నూనె వేసుకునేవాళ్లకు చెడ్డది కాదు, అందుకే కొత్త చైనును కడగాలని మేం ఎవరికీ చెప్పం. డిసెంబర్‌లో ఈయనకూ చెప్పలేదు. గిన్నెల సబ్బు బయటి పలకల మీద జిడ్డు తీసింది కానీ, బ్రష్ పోని సందులో గ్రీజు గట్టిగా కూర్చునే ఉంది. ఆ గ్రీజులోని నూనె, ఈ మైనం రెండూ పెట్రోలియం నుంచి వచ్చినవే కాబట్టి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కలిస్తే అయ్యేది గట్టి మైనం కాదు, వాజిలిన్ లాంటి మెత్తటి ముద్ద. దానికి ఇసుక చక్కగా అంటుకుంటుంది. అంటే మైనం కోసం చేసిన శ్రమంతా చైను లోపల నూనె కన్నా చిక్కటి సానపేస్టును తయారుచేసింది. అరుగుదల ఎందుకు అంత వేగంగా ఉందో, వేళ్లు ఎందుకు నల్లబడ్డాయో ఒకేసారి తేలిపోయింది.

ఇంత తెలిశాక కూడా తర్వాతి అడుగు తప్పే వేశాను. చైనును డీజిల్‌లో కడిగాను. మా షాపులో ఏ జిడ్డుకైనా డీజిలే. డబ్బాలో చైను వేసి, మునిగేదాకా పోసి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి, ఎండలో గంటసేపు వేలాడదీసి ఆయనకు ఇచ్చాను. పలకలు వెండిలా మెరిశాయి. ఆయన ఇంటికి వెళ్లి మైనం పెట్టుకున్నారు. 110 కిలోమీటర్లకు ఫోన్ చేశారు. ఆయన మర్యాదస్తులు కాబట్టి కోప్పడలేదు. "ఏమోనయ్యా, నాకు ఈ మైనం పడేటట్టు లేదు, మళ్లీ మిషన్ ఆయిలే వేసుకుంటాను" అన్నారు.

డీజిల్ గ్రీజును కరిగిస్తుంది, సందేహం లేదు. కానీ అది పూర్తిగా ఆరిపోయేది కాదు, ఎంత ఎండబెట్టినా పల్చటి నూనె పొర వదిలే పోతుంది. కడిగిన తర్వాత మళ్లీ నూనె వేసేటప్పుడు ఆ పొర వల్ల నష్టం లేదు కాబట్టి, 14 ఏళ్లలో నాకు ఆ పొరతో పని పడలేదు. నూనె చైనుకు సరిపోయిన శుభ్రత మైనం చైనుకు సరిపోదు. నేను గ్రీజు తీసి, దాని స్థానంలో ఇంకో నూనె పెట్టి పంపాను.

పనిచేసిన పద్ధతి

ఆ చైనునే వాడదామా, కొత్తది వేద్దామా అన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. సగం అరిగిన చైను మీదే ఇంకో ప్రయత్నం చేద్దామని నేను పట్టుబట్టాను. పద్ధతి పనిచేయకపోతే పోయేది పాత చైనే. పనిచేస్తే అప్పుడు ఆ నమ్మకంతో కొత్తదానికి ఖర్చు పెట్టవచ్చు. ఖర్చు ఈసారి నాది.

పెయింట్ల దుకాణంలో దొరికే మినరల్ టర్పెంటైన్ ఒక లీటరు తెచ్చాను. పెట్రోలు ఇంతకన్నా వేగంగా పనిచేస్తుంది కానీ, దాని ఆవిరి మామూలు గది వేడికే అంటుకునేంత తయారుగా ఉంటుంది, ఇంట్లో చేసుకునే పద్ధతిలో దానికి చోటు ఇవ్వకూడదు. టర్పెంటైన్ కూడా మండేదే. ఆయన ఇంటి బాల్కనీలో, తలుపు మూసి, గ్యాస్ కట్టేసి, చేతులకు తొడుగులు వేసుకుని చేశాం.

వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో చైను వేసి, మునిగేదాకా టర్పెంటైన్ పోసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపాం. వచ్చింది ఫిల్టరు కాఫీ డికాషన్ రంగు. దాన్ని వేరే సీసాలోకి వంపేసి, కొత్తది పోసి, అరగంట నాననిచ్చి మళ్లీ ఊపాం. ఈసారి పల్చటి టీ. అక్కడ ఆపేద్దామని ఆయనకు అనిపించింది, చైను చూడటానికి అద్దంలా ఉంది మరి. నేను ఆగలేదు. ప్రతిసారీ చైనును వేళ్లతో ఒక్కో లింకూ వంచుతూ, రోలర్లు తిప్పుతూ ఊపితే, శుభ్రంగా కనిపిస్తున్న చైనులోంచి సన్నటి నల్లటి దారాలు ద్రవంలోకి దిగడం సీసా గోడలోంచి కనిపిస్తుంది. లింకు వంగినప్పుడే లోపలి సందు తెరుచుకుంటుంది. మూడో స్నానానికి కొద్దిగా పసుపు, నాలుగో దానికి రంగు లేదు. కొత్త చైనుకైతే మూడు చాలేవేమో. దీంట్లో గ్రీజు, మైనం, డీజిల్, ఇసుక నాలుగూ ఉన్నాయి.

టర్పెంటైన్ కూడా సన్నటి పొర వదలవచ్చు కాబట్టి, సర్జికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో చివరి స్నానం చేయించాం. అది పూర్తిగా ఆవిరైపోతుంది. తర్వాత కాగితం పరీక్ష: గంటసేపు పాత పేపరు మీద పెట్టి ఎత్తితే మరక లేదు. చెవి పరీక్ష కూడా ఉంది. జిడ్డు పూర్తిగా పోయిన చైనును ఊపితే గాజుల గలగలలా పొడిగా మోగుతుంది. గ్రీజున్న చైను మొద్దుగా మోగుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. జిడ్డు పోయిన ఉక్కుకు కాపలా ఎవరూ లేరు. సముద్రపు గాలిలో అలాంటి చైనును రేపు చూద్దామని వదిలేస్తే మర్నాటికి తుప్పు చుక్కలు కనిపిస్తాయి. అందుకే కడగడం, మైనం పెట్టడం ఒకే పూట పెట్టుకోవాలి. కానీ రెండింటి మధ్య చైను, చేతులు, బాల్కనీ పూర్తిగా ఆరాలి. టర్పెంటైన్ తడితో స్టవ్వు దగ్గరకు వెళ్లకూడదు.

మైనానికి కొవ్వొత్తులు మానిపించాను. వాటిలో రంగు, వాసన, స్టీరిన్ లాంటివి ఏవేవో కలిసి ఉండవచ్చు. కొవ్వొత్తుల తయారీ సామాను అమ్మేచోట పారఫిన్ దిమ్మ అర కిలో తెచ్చుకుంటే ఒక చైనుకు చాలాకాలం వస్తుంది. నీళ్ల గిన్నెలో కరిగించి, చైనును ఇనుప తీగకు గుచ్చి దించి, బుడగలు ఆగేదాకా, దాదాపు 15 నిమిషాలు, ఆడించాం. తీసే సమయం గురించి ఆయనకు తెలియని విషయం ఒకటుంది. బాగా వేడిగా ఉన్నప్పుడే పైకెత్తితే మైనం నీళ్లలా కారిపోయి లోపల తక్కువే మిగులుతుంది. స్టవ్వు కట్టేసి, గిన్నె అంచున మైనం తెల్లగా మీగడ కట్టడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు ఎత్తాలి. చల్లారాక చైను కర్రలా బిగుసుకుంది. ఒక్కో లింకునూ చేత్తో విరిచి వదులుచేసి ఎక్కించాం. మొదటి రెండు కిలోమీటర్లు మైనం పొట్టు రాలింది, గేర్లు కాస్త తడబడ్డాయి, అది మామూలే.

అది మార్చి మధ్యలో. చైను 280 కిలోమీటర్లు చడీచప్పుడు లేకుండా నడిచింది. తర్వాత ప్రతి 250 కిలోమీటర్లకూ, అంటే రెండు వారాలకోసారి కన్నా కొంచెం ముందే, ఆయన ముంచుతూ వచ్చారు. ముంచే ముందు చైను మీద మరిగే నీళ్లు పోస్తే పాత మైనం, దాంతో పాటు దుమ్ము కొట్టుకుపోతాయి. అది బాగా ఆరాక మళ్లీ మైనంలోకి. టర్పెంటైన్ మళ్లీ అక్కర్లేదు, అది ఒక్కసారి పని. చైను ఊడదీయడానికి వీలున్న జోడింపు లింకును 9 గేర్ల చైనులో మళ్లీమళ్లీ వాడుకోవచ్చు. 11, 12 గేర్ల చైన్లలో చాలా కంపెనీలు దాన్ని ఒక్కసారికే అంటాయి, అలాంటి సైకిల్ అయితే నేను ఈ పద్ధతి చెప్పేముందు ఆ ఖర్చు కూడా లెక్కగట్టేవాణ్ణి. జూన్ చివరికి ఇంకో 2,000 కిలోమీటర్లు తిరిగాక అదే స్కేలుతో కొలిస్తే, పిన్ను ఫిబ్రవరిలో ఉన్నచోటి నుంచి నా కంటికి ఆనినంత దూరం కదల్లేదు.

వాడిన టర్పెంటైన్‌ను పారబోయలేదు. సీసాలో వారం కదలకుండా ఉంచితే మడ్డి అడుక్కు చేరుతుంది. పైన తేరిన దాన్ని వచ్చేసారి మొదటి స్నానానికి దాచుకోవచ్చు. అడుగు మడ్డి మాత్రం మురుక్కాలువలోకి పోకూడదు. మా షాపు పాత ఆయిల్ డబ్బాలో కలిపాను, ఆ డబ్బాను పాత ఆయిల్ కొనేవాళ్లు పట్టుకెళ్తారు.

వానలు వచ్చాక

పద్ధతి కుదిరిందని ఇద్దరం సంతోషించిన నెలలోపే జూలై వానల్లో ఆయన తడిసి ఇంటికెళ్లి, సైకిల్ అలాగే నడవాలో పెట్టి, రెండో రోజు పొద్దున చూస్తే పలకల అంచులన్నీ కాషాయం రంగులో ఉన్నాయి. ఇది ఊహించాల్సిందే. మైనం అరుగుదలను ఆపినంతగా తుప్పును ఆపదు. పలకల మీది పొర గీసుకుపోయిన చోటల్లా నీరు నేరుగా ఉక్కును తాకుతుంది. మా ఊళ్లో ఆ నీటికి తోడు ఉప్పు కూడా.

ఇంట్లో పెద్దావిడ సలహా ప్రకారం ఆ చైనును చింతపండు పులుసులో రాత్రంతా నానబెట్టబోతూ, ఎందుకైనా మంచిదని నాకు ఫోన్ చేశారు. వెనక నుంచి ఆవిడ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది: "ఇత్తడి బిందె మెరవట్లేదేటి? ఇదీ అంతే." బిందెకు నిజమే. చైను పిన్నులు, పలకలు మాత్రం గట్టిపరిచిన ఉక్కు. అలాంటి ఉక్కు ఆమ్లంలో ఎక్కువసేపు నానితే హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారే ప్రమాదం ఉంది. పెళుసుబారిన పలక పైకి మామూలుగానే కనిపించి, చడావులో బలంగా తొక్కినప్పుడు తెగుతుంది. నిమ్మరసం, వెనిగర్ విషయంలోనూ నా జవాబు ఇదే. పై తుప్పును పొడి పీచుతో రుద్ది, మరిగే నీళ్లు పోసి, ఆరబెట్టి, మైనంలో ముంచమన్నాను. లింకులేవీ బిగుసుకోలేదు కాబట్టి అది చాలింది.

అప్పుడు నిర్ణయించాల్సింది వానాకాలం సంగతి. తడిసిన ప్రతిసారీ చైను ఊడదీసి ముంచడం ఒక దారి. అది సాంకేతికంగా సరైనదే కానీ, రాత్రి ఎనిమిదింటికి తడిసి ఇంటికొచ్చిన మనిషి చేత గంటసేపు స్టవ్వు దగ్గర ఆ పని చేయించడం నాకు ఆచరణగా తోచలేదు. జూలై నుంచి అక్టోబర్ దాకా నూనెకు మారిపోవడం రెండో దారి. మైనం మీద నూనె వేస్తే మళ్లీ వాజిలిన్ ముద్దే, నవంబర్‌లో మళ్లీ టర్పెంటైన్ స్నానాలన్నీ మొదటి నుంచి. నేను మూడోది సూచించాను: ఒకే రకం చైన్లు రెండు, రెండూ కడిగి మైనం పెట్టినవి. తడిసిన దాన్ని ఊడదీసి, గుడ్డతో తుడిచి, ఫ్యాన్ కింద వేలాడదీసి, తయారుగా ఉన్న రెండోదాన్ని ఎక్కించడం ఐదు నిమిషాల పని. మైనం పని ఆదివారం రెండింటికీ ఒకేసారి. అరుగుదల రెండింటికీ పంచుకుంటుంది కాబట్టి వెనక పళ్లచక్రాలకూ మేలే. సగం అరిగిన పాత చైనుకు జతగా సరికొత్తది వేస్తే ఆ రెండింటి కొలతా కలవదు. అందుకని పాతదాన్ని పక్కన పెట్టించి, రెండూ కొత్తవే కొనిపించాను. ఈసారి ఆ రెండింటినీ ప్యాకెట్టులోంచి తీయగానే నేనే సీసాలో వేసి ఊపాను. ఒక్కోదానికి మూడు స్నానాలు పట్టాయి.

అక్టోబర్ వాయుగుండం వారంలో ఆయన చైన్లు నాలుగుసార్లు మార్చుకున్నారట. ఒకసారి మాత్రం మార్చలేదు, ఆ ఒక్కసారికే రెండు లింకుల మీద కాషాయం వచ్చింది. పక్కన పెట్టించిన పాత చైను మా షాపులోనే మేకుకు వేలాడుతోంది. మైనం పెట్టుకుంటామని వచ్చినవాళ్ల చేతికి దాన్ని, దానితో పాటు ప్యాకెట్టులోంచి తీసిన కొత్త చైనును ఇచ్చి, రెండింటినీ చెవి దగ్గర ఊపి చూడమంటున్నాను.